కంట్రోల్ కణాలకు ఏమి ఇచ్చారు? ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసం వెనుక ఉన్న తర్కం

అడయారులో ముగ్గురు తెలుగు అమ్మాయిలు కలిసి అద్దెకు ఉంటున్న గది అది. మంచం మీద ల్యాప్‌టాప్, కింద చాప మీద మేము నలుగురం. నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో బయోమెడికల్ సైన్సెస్ ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి తన థీసిస్ గురించి చెబుతోంది. నేలవేము ఆకు సారం రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందన్నది ఆమె విషయం. సబ్మిషన్‌కు ఇంకా అయిదు వారాలుంది. అసలు వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు ముందు, ఇంట్లో ఒకసారి వైవా పెట్టమని నన్ను పిలిచింది. ఇరవై నిమిషాలు తడబడకుండా చెప్పింది. గ్రాఫులు శుభ్రంగా ఉన్నాయి. మోతాదు పెరిగిన కొద్దీ బతికి ఉన్న కణాలు మెట్లు దిగినట్టు తగ్గుతున్నాయి. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"కంట్రోల్ కణాలకు ఏమి ఇచ్చావమ్మా?" అని అడిగాను.

"ఏమీ ఇవ్వలేదక్కా. మామూలు మీడియమే."

"నేలవేము సారాన్ని దేనిలో కరిగించావు?"

"డీఎంఎస్‌ఓలో." ఆ మాట అంటూనే ఆమె ముఖం మారిపోయింది.

డీఎంఎస్‌ఓ అనేది నీళ్లలో సరిగా కరగని పదార్థాలను కరిగించడానికి ప్రతి ల్యాబులోనూ వాడే ద్రవం. మోతాదు మించితే కణాలకు అదే హాని చేస్తుంది. అందుకే మామూలుగా దాన్ని మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, 0.1 శాతం దగ్గర ఉంచుతారు, 0.5 శాతం దాటనివ్వరు. ఈ అమ్మాయి సారం ఎక్కువ పోసిన చోట డీఎంఎస్‌ఓ కూడా ఎక్కువే పడింది. కంట్రోల్‌లో, అంటే పోలిక కోసం సారం పోయకుండా ఉంచిన కణాల్లో, మాత్రం ఒక్క చుక్క లేదు. మరి కణాలు చచ్చిపోయింది నేలవేము వల్లనా, డీఎంఎస్‌ఓ వల్లనా? నాలుగు నెలల శ్రమలో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ప్రయోగశాల పనిలో ఉన్నాను. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇలాంటి గదుల్లో కూర్చుంటాను. తిరుపతి, చిత్తూరు, ఒంగోలు, విజయవాడల నుంచి వచ్చిన పిల్లలు వైవా అంటే దేనికి భయపడతారో నాకు తెలుసు. ఇంగ్లీషు తడబడుతుందేమో, ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకులు, కోపిష్టి అవుతారేమో, ఫలితం అనుకున్నట్టు రాలేదు కనుక ఫెయిల్ చేస్తారేమో. వీటిలో ఏదీ అసలు పరీక్ష కాదు. అక్కడ అడిగేది ఒకే ప్రశ్న: "ఇది నీకు ఎలా తెలుసు?" ఆ ప్రశ్నే ఇరవై వేషాలు వేసుకుని వస్తుంది. థీసిస్ మొదటి రోజు నుంచి చివరి పేజీ దాకా చేసే ప్రతి పనీ ఆ ప్రశ్నకు సిద్ధపడటమే.

పూర్వపక్షం లేని సిద్ధాంతం

థీసిస్‌ను తెలుగులో సిద్ధాంత వ్యాసం అంటాం. రోజూ వాడి వాడి ఆ మాటలోని బలం మనకు వినిపించడం మానేసింది. మన తర్కంలో సిద్ధాంతం ఒంటరిగా రాదు. దానికి ముందు పూర్వపక్షం వస్తుంది. ఎదుటివారు ఏ అభ్యంతరం చెబుతారో దాన్ని వారికన్నా బలంగా మనమే చెప్పాలి. దానికి జవాబు ఇచ్చిన తరువాత నిలబడిన మాటకే సిద్ధాంతమని పేరు. పూర్వపక్షాన్ని దాటి రానిది ఎంత అందంగా చెప్పినా అభిప్రాయమే.

తర్కం చదివినవారందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. కొండ మీద నిప్పు ఉంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది. ఈ మాటను నిలబెట్టడానికి తార్కికులు రెండు చోట్లు చూపించారు. ఒకటి వంటిల్లు. అక్కడ నిప్పు ఉందని ముందే తెలుసు, పొగ కూడా ఉంటుంది. అది సపక్షం. రెండోది మడుగు. అక్కడ నిప్పు ఉండే వీలు లేదు, పొగ కూడా ఉండకూడదు. అది విపక్షం. ఈ రెండూ చూశాకే కొండ గురించి మాట్లాడే అర్హత వస్తుంది. ఆధునిక ప్రయోగశాలను పాత శాస్త్రాల్లో వెతికి గర్వపడదామని ఈ మాట ఎత్తలేదు. పాజిటివ్ కంట్రోల్, నెగటివ్ కంట్రోల్ ఎందుకో బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకన్నా దగ్గరి దారి దొరకలేదు.

ఆ అమ్మాయి చేసిన పరీక్ష పేరు ఎంటీటీ. కణాలను 96 చిన్న గుంటలున్న ప్లేటులో పెంచుతారు. ల్యాబులో ఆ గుంటను వెల్ అంటారు. మందు పోసి, ఒకటి రెండు రోజులు ఆగి, ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనం కలుపుతారు. బతికి ఉన్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. ఆ స్ఫటికాలను కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రంగు గాఢత కొలుస్తారు. ఊదా తగ్గితే కణాలు తగ్గాయని అంచనా. ఇక్కడ పొగ ఊదారంగు తగ్గడం, నిప్పు కణాలు చావడం.

వంటిల్లు ఏది? రొమ్ము క్యాన్సర్ కణాలను చంపుతుందని ముందే తెలిసిన డాక్సోరుబిసిన్ వంటి మందు పోసిన గుంటలు. అక్కడ ఊదా తగ్గకపోతే పరీక్షే సరిగా నడవలేదు. మడుగు ఏది? సారం లేకుండా, సారం పోసిన గుంటల్లో ఎంత డీఎంఎస్‌ఓ పడిందో అంతే డీఎంఎస్‌ఓ పోసిన గుంటలు. అక్కడ ఊదా తగ్గకూడదు. ఆ అమ్మాయి ప్లేటులో వంటిల్లు ఉంది, మడుగు లేదు.

తార్కికులు ఇంకో మెట్టు కూడా ఎక్కారు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా అని అడిగి, ఉండదని తేల్చారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పచ్చికట్టెలు తోడైతేనే పొగ వస్తుంది. ఆ పచ్చికట్టెలకు ఉపాధి అని పేరు పెట్టారు. మనం కారణమని అనుకుంటున్న దాని పక్కనే నిలబడి, కనిపించకుండా పని జరిపించేది ఉపాధి. ఎపిడెమియాలజీ తరగతిలో కన్‌ఫౌండర్ అని చెప్పేది ఈ కుటుంబంలోదే. నేలవేము ప్లేటులో పచ్చికట్టె డీఎంఎస్‌ఓ.

మరో చిక్కు కూడా చెప్పాలి. దూరాన ఉన్న మంచు తెరను చూసి పొగ అనుకోవచ్చు. మొక్కల సారాల్లో ఉండే పాలీఫినాల్స్ వంటి పదార్థాలు కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చగలవు. అప్పుడు కణాలు చచ్చినా రంగు నిలిచే ఉంటుంది. అందుకని కణాలు అసలే లేకుండా సారం, ఎంటీటీ మాత్రమే ఉన్న గుంటలు కూడా ప్లేటులో పెట్టాలి. పైగా ఎంటీటీ నేరుగా చావును కొలవదు, కణాల జీవక్రియను కొలుస్తుంది. కణం చావకపోయినా విభజన ఆపినా, మందగించినా ఊదా తగ్గుతుంది. "కణాలు చచ్చాయి" అని రాసిన ప్రతి వాక్యాన్నీ ఆ అమ్మాయి "జీవక్రియ తగ్గింది" అని మార్చుకోవలసి వచ్చింది. చావు అని రాయాలంటే దానికి వేరే పరీక్ష చేసి ఉండాలి.

వాక్యం ఎంత, పని అంత

థీసిస్ రాయడంలో పిల్లలు తప్పటడుగు వేసేది చాలాసార్లు మొదటి వారంలోనే. "నేలవేము క్యాన్సర్ నిరోధక గుణాల అధ్యయనం" అని శీర్షిక పెడతారు. దాన్ని ఆరు నెలల్లో ఎవరూ పూర్తి చేయలేరు, ఎందుకంటే అది ఎక్కడ పూర్తవుతుందో ఆ శీర్షికలోనే లేదు. దాన్ని ప్రశ్నగా మార్చి చూడండి: నేలవేము ఆకు ఎథనాల్ సారం 48 గంటల్లో ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల జీవక్రియను మోతాదును బట్టి తగ్గిస్తుందా? అదే మోతాదు క్యాన్సర్ కాని కణాలను ఏమి చేస్తుంది? ఇప్పుడు ఏ ప్రయోగం చేయాలో, ఏది చేయనక్కర్లేదో తెలుస్తుంది. జవాబు "లేదు" అని వచ్చినా థీసిస్ పూర్తవుతుంది. అవును, కాదు రెండింటికీ చోటున్న ప్రశ్నే మంచి ప్రశ్న.

ఈ విషయంలో చెన్నైకి గొప్ప వారసత్వం ఉంది. 1956లో ఇక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. చెట్‌పెట్‌లోని నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. అక్కడి తొలి అధ్యయనం అడిగిన ప్రశ్న ఒక్క వాక్యం: రోగిని ఇంట్లోనే ఉంచి మందులిస్తే, శానటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో, ఉంచి ఇచ్చినంత పనిచేస్తుందా? రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఇద్దరికీ అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. తేడా చోటులో మాత్రమే ఉంది. ఇంటి చికిత్స దాదాపు అంతే పనిచేసిందని, ఇంట్లోవారికి అదనపు ముప్పు కనిపించలేదని 1959లో ప్రకటించారు. ప్రపంచమంతటా క్షయ వైద్యం శానటోరియాల నుంచి ఇళ్లకు మళ్లడంలో ఆ ఫలితానిది పెద్ద పాత్ర. అంత పెద్ద మార్పు అంత చిన్న వాక్యంలో నుంచి వచ్చింది.

ఎమ్మెస్సీ థీసిస్ నుంచి కొత్త లోకాన్ని ఎవరూ ఆశించరు. ఒక చిన్న ప్రశ్నను పద్ధతిగా అడిగి, నిజాయితీగా జవాబు చెప్పగలరా అని చూస్తారు. చివరి సెమిస్టర్ అంటే కాగితం మీద అయిదారు నెలలు. చేతికి అందేది అందులో సగం. కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి రావాలి. వచ్చాక నిలదొక్కుకోవాలి. కంటికి కనబడని మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకిందేమో చూడాలి. ఈ మధ్యలో ఇన్‌క్యుబేటర్‌లో బూజు పడితే మళ్లీ మొదటికి. కణం పేరును కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. కేబీ, హెప్-2 అని పేరు పెట్టి దశాబ్దాల తరబడి వాడిన కణాలు నిజానికి హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలని తేలింది. అందుకే "మీ కణాలు ఎక్కడివి, ఎన్నో పాసేజీ?" అని ఎక్స్‌టర్నల్ అడిగితే అది చిన్న ప్రశ్న కాదు. పాసేజీ అంటే కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచిన ఒక్కో విడత.

అనుమతుల సంగతి తొందరలో మరిచిపోయేవారు ఉంటారు కనుక సూటిగా చెబుతాను. మనిషి రక్తం, కణజాలం, ఆసుపత్రి రికార్డు ఏది వాడినా సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి పని మొదలుపెట్టకముందే రావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు దీనికి ఆధారం. హాస్టల్లో పక్క గది స్నేహితురాలు ఇష్టపడి ఇచ్చిన అయిదు మిల్లీలీటర్ల రక్తానికీ ఇదే నియమం. ఎలుకల మీద పని అయితే జంతు ఎథిక్స్ కమిటీ వేరు. దాని పైన ఉండే జాతీయ కమిటీని పూర్వం సీపీసీఎస్‌ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. పని అయిపోయాక అనుమతి తెచ్చుకుందామన్న ఆలోచన థీసిస్‌ను మొదట్లోనే చంపేస్తుంది.

మూడు మెతుకులు, మూడు కుండలు

నేలవేము అమ్మాయి గ్రాఫు కింద "ఎన్ = 3" అని ఉంది. ఆ మూడు ఏమిటని అడిగాను. ఒకే రోజు, ఒకే ప్లేటులో, పక్కపక్కన ఉన్న మూడు గుంటలు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలని మన పెద్దవాళ్లు అన్నారు. మూడు మెతుకులు పట్టి చూసినా వండింది ఒక కుండే. రేపు కొత్త బియ్యంతో, కొత్త నీళ్లతో వండినా అలాగే ఉడుకుతుందా అన్నది మూడు మెతుకులు చెప్పలేవు. పక్కపక్క గుంటలు నా చేతి నిలకడను కొలుస్తాయి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజీల కణాలతో, మందును మళ్లీ కలిపి మొదటి నుంచి చేసిన ప్రయోగాలే ఫలితపు నిలకడను కొలుస్తాయి. ఎన్ అని రాయవలసింది ఆ రెండో లెక్కను. బయోమెడికల్ థీసిస్‌లలో నేను చూసిన అతి సాధారణమైన తప్పు ఇది. దీన్ని మోసం అనను. చాలాసార్లు ఎవరూ చెప్పకపోవడమే కారణం.

గ్రాఫు మీద నిలబడే సన్నని గీతల విషయం కూడా అంతే. స్టాండర్డ్ డీవియేషన్ కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ అంటే దాన్ని ఎన్ వర్గమూలంతో భాగించగా వచ్చేది. ఎన్ మూడైతే అది మొదటి దానిలో 58 శాతం దాకా కుదించుకుపోతుంది, గ్రాఫు చూడముచ్చటగా కనిపిస్తుంది. ఏది వాడినా తప్పు లేదు. ఏది వాడారో బొమ్మ కింద రాయకపోవడం మాత్రం తప్పు.

పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తే "నా సిద్ధాంతం 95 శాతం నిజం" అని చెప్పే పిల్లలు ఎందరో. ఆ అర్థం దానికి లేదు. నిజంగా ఏ తేడా లేకపోయినా, యాదృచ్ఛికంగా ఇంత తేడా లేదా ఇంతకుమించిన తేడా కనబడే అవకాశం ఎంతో అది చెబుతుంది. అంతకన్నా ఏమీ చెప్పదు. అమెరికా గణాంక శాస్త్రవేత్తల సంఘం 2016లో ఈ అపార్థాన్ని తొలగించడానికే ప్రత్యేకంగా ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. 0.05 అన్న గీత 1925లో ఆర్.ఎ. ఫిషర్ రాతల ద్వారా వాడుకలోకి వచ్చిన సౌలభ్యం. ప్రకృతి గీసిన గీత కాదు.

అదే 1925లో ఒక తెలుగువాడి పేరు జీవరసాయన శాస్త్రంలో స్థిరపడింది. భీమవరంలో పుట్టి, ఇదే ఊళ్లోని మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని మన ఎమ్మెస్సీ ల్యాబుల్లో ఈనాటికీ చేయిస్తారు. మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేటు ఉన్నంత మేరకు నీలిరంగు వస్తుంది. ఆ నీలిరంగు కథలో థీసిస్ రాసే ప్రతి ఒక్కరికీ పనికివచ్చే ఘట్టం ఒకటుంది. కండరాల నుంచి తీసిన ద్రవంలో ఈ పరీక్ష చేస్తే రంగు ఒక్కసారిగా రాలేదు. నిదానంగా, ఆగకుండా పెరుగుతూ పోయింది. కొలత చెడిందని పారేయవలసిన లక్షణం అది. వారు పారేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతోందని అడిగారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థం ఏదో కండరంలో ఉందని గ్రహించారు. 1927లో వెలువడిన ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణకు దారి అదే.

గ్రాఫులో వంకరగా ఉన్న బిందువును తుడిచేయాలని చేయి వెళ్లినప్పుడు ఈ నీలిరంగు గుర్తుకు రావాలని నా కోరిక. ప్రతి వంకర బిందువూ ఆవిష్కరణ కాదు. చాలావరకు పిపెట్ తప్పే. కానీ ఏది తప్పో ఏది కాదో నోటుబుక్కు చూసి తేల్చాలి, కోరిక చూసి కాదు. తీసేస్తే ఎందుకు తీశారో రాయాలి. ప్రోటీన్లను గీతలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ బొమ్మల్లో ఒక గీతను మాత్రమే వెలిగించడం, రెండు జెల్‌ల ముక్కలు అతికించి ఒకటిగా చూపడం ఈ తుడిచివేతకు అన్నలాంటివి. కోయని అసలు బొమ్మను అనుబంధంలో పెట్టండి, ఆ భయం ఉండదు.

ముందు తెలుగులో

రాతకు వచ్చేసరికి మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇంటర్మీడియట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి ప్రయోగాన్ని నాకు తెలుగులో అద్భుతంగా వివరిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ వివరణ మాయమై, ఎవరో రాసిన పేపర్ల వాక్యాలు వరుస కడతాయి. ఇది బద్ధకం కాదు. తన ఇంగ్లీషు కన్నా పేపర్ ఇంగ్లీషు సురక్షితమన్న భయం. రెండు మాటలు అటూ ఇటూ మార్చి పెట్టిన వాక్యాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, ఎక్స్‌టర్నల్ ఇంకా ముందే పట్టుకుంటారు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. పిల్లలు ఈ అంకెల చుట్టూ తిరుగుతారు. నేను అంకెను పట్టించుకోవద్దంటాను. ఎనిమిది శాతం పోలికతోనూ మరొకరి ఆలోచనను తనదిగా చూపించవచ్చు. అది అంకెలో కనబడదు, వైవాలో కనబడుతుంది.

నేను చెప్పే ఉపాయం ఒకటే, పదేళ్లుగా అది పనిచేస్తోంది. చర్చ అధ్యాయాన్ని ముందు తెలుగులో రాయండి. నెల్లూరులో ఉన్న అమ్మకు ఫోనులో చెబుతున్నట్టు, ఏమి చూశారో, అదే ఎందుకు నిజమనుకుంటున్నారో, ఎక్కడ అనుమానముందో రాయండి. తరువాత పేపర్లన్నీ మూసేసి ఆ తెలుగును మీకు వచ్చిన సాదా ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. వాక్యాలు పొట్టిగా వస్తాయి. రానివ్వండి. వ్యాకరణం దిద్దడానికి మనుషులు దొరుకుతారు. ఆలోచన దిద్దడానికి దొరకరు.

వరుస గురించి రెండు మాటలు. బొమ్మలు, పట్టికలు ముందు. వాటి కింద ఫలితాలు. పద్ధతులు ప్రయోగం చేసిన రోజునే నోటుబుక్కు నుంచి ఎక్కిపోవాలి. పరిచయం, సారాంశం చివర. గైడుకు మొత్తం పుస్తకం ఒకేసారి ఇస్తే అది బల్ల మీదే ఉంటుంది. ఒక్కో అధ్యాయంగా, తేదీతో ఇస్తే తిరిగి వస్తుంది. బైండింగ్ సంగతి ట్రిప్లికేన్ జెరాక్సు దుకాణాలవారు మీకన్నా బాగా చూసుకుంటారు.

వైవా గది

వైవా వోచె అంటే లాటిన్‌లో సజీవ స్వరంతో అని. పుస్తకం చెప్పలేనిది మనిషి చెప్పాలని ఆ ఏర్పాటు. మన విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా బయటి నుంచి వచ్చిన ఒక ఎక్స్‌టర్నల్, మీ గైడు, శాఖలోని అధ్యాపకులు ఉంటారు. కాసేపు మీరు చెబుతారు, కాసేపు వారు అడుగుతారు. మొదటి ప్రశ్నలు తేలికగా ఉంటాయి. ఈ కణాలే ఎందుకు, ఈ మోతాదులు ఎలా ఎంచుకున్నారు, 48 గంటలే ఎందుకు, 24 ఎందుకు కాదు. వీటికి "మా ల్యాబులో అలాగే చేస్తారు" అన్నది జవాబు కాదు. అది ఒక్కసారి నోట వచ్చిందంటే, పని చేసింది మీరా, సీనియరా అన్న అనుమానం గదిలోకి వస్తుంది.

తరువాత ప్రశ్నలు లోతుకు వెళతాయి. లోతుకు వెళ్లడం కోపం కాదు. మీ జ్ఞానం అంచు ఎక్కడుందో పట్టుకునేదాకా ఎక్స్‌టర్నల్ నడుస్తారు. అది వారి పని. అంచు దొరికిన క్షణంలో మీకు "తెలియదు" అనవలసి వస్తుంది, ప్రతి ఒక్కరికీ వస్తుంది. ఊరికే "తెలియదు సార్" అని తల దించుకోవడం వేరు. "ఆ ప్రయోగం నేను చేయలేదు సార్, నా ఫలితాలు దాన్ని చెప్పలేవు. తెలుసుకోవాలంటే కణాలకు చావును పట్టే అనెక్సిన్ పరీక్ష చేసి చూడాలి" అనడం వేరు. రెండో దానిలో తెలియనితనం ఉంది, దాని పక్కనే తెలుసుకునే దారి కూడా ఉంది. శాస్త్రవేత్త ప్రతిరోజూ చేసేది అదే. ఆ వాక్యం విన్నప్పుడు ఎక్స్‌టర్నల్ కుర్చీలో వెనక్కి వాలడం నేను ఎన్నోసార్లు చూశాను.

నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. మీ థీసిస్‌లోని బలహీనతలను మూడింటిని ముందే రాసుకుని, వాటిని పుస్తకంలో మీరే చెప్పేయండి. పూర్వపక్షం మీ నోట వస్తే అది వివేకం, ఎదుటివారి నోట వస్తే దోషం.

ఆ రాత్రి అడయారు గదిలో నెల్లూరు అమ్మాయి కాసేపు ఏడ్చింది. మరుసటి ఉదయం ఎనిమిదింటికే ల్యాబుకు వెళ్లింది. అన్ని గుంటల్లోనూ డీఎంఎస్‌ఓ 0.1 శాతమే ఉండేలా ద్రావణాలు మళ్లీ కలిపింది. మూడు వారాల్లో, వారానికొకటి చొప్పున, మూడు వేర్వేరు పాసేజీలతో మొదటి నుంచి చేసింది. పై రెండు మోతాదులు అంత తక్కువ డీఎంఎస్‌ఓలో కరగలేదు. కింది మోతాదుల్లో తగ్గుదల మిగిలింది, కానీ ముందు గ్రాఫులో ఉన్నంత ఏటవాలుగా లేదు. పాత ఫలితాలను దాచలేదు. కొత్తవాటి పక్కనే పెట్టి, ఎందుకు తేడా వచ్చిందో ఒక పేజీ రాసింది.

వైవా మే నెలలో. గది తలుపు తెరిచే ఉంచారు, బయట బెంచీ మీద మేము ముగ్గురం. ఎక్స్‌టర్నల్ పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడారు. చివరలో అడిగారు: "ఇంతకూ నేలవేము రొమ్ము క్యాన్సర్‌కు మందేనా?"

"ఆ మాట నేను అనలేను సార్. ప్లేటులో పెరిగిన ఒక రకం కణాల జీవక్రియను ఈ సారం 48 గంటల్లో తగ్గిస్తుందని మాత్రమే నాకు తెలుసు. పై రెండు మోతాదుల్లో డీఎంఎస్‌ఓ వాటా ఎంతో విడదీయలేకపోయాను. ఆ రెండు బిందువులను తీసేయలేదు, నక్షత్రం గుర్తు పెట్టి ఉంచాను. 41వ పేజీలో ఉన్నాయి."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు బయటికి వినిపించింది.